నిద్ర సంగతి అడిగారా?

నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు, అయినా అలుపు లేదు. ‘ముఖ్యమంత్రి నన్ను సలహాదారుగా వేసుకున్నాడు, చెవిలో చెప్పాడు’ అంటూ ఓ కుర్రాడు ఊరంతా తిరుగుతున్నాడనుకోండి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. గుణం కనిపించక ఆస్పత్రికి తీసుకెళితే, మాటలు వినిపిస్తున్నాయన్న ఒక్క ముక్కను పట్టుకుని చీటీ మీద స్కిజోఫ్రేనియా అని రాసేయడమూ ఉంది. రెండుచోట్లా పొరపాటు ఒకటే. వినిపించిన గొంతును పట్టించుకున్నారు గానీ, అంతకుముందు మూడు వారాలు ఎలా గడిచాయో అడగలేదు.

ఆ కుర్రాడిది బైపోలార్ జబ్బు కావచ్చు. బైపోలార్ అంటే పొద్దున నవ్వు, సాయంత్రం ఏడుపు అని చాలామంది అనుకుంటారు. కానీ పూర్తిస్థాయి ఉన్మాద దశలు వచ్చే బైపోలార్-1లో సగానికి పైగా రోగులకు ఎప్పుడో ఒకప్పుడు భ్రమలు కలగడమో, లేని మాటలు వినపడటమో జరుగుతుంది. వాటికి ఎక్కువగా అప్పటి మనసు రంగే అంటుతుంది. ఉన్మాదంలో తాను దేవుడి అవతారం. అదే మనిషి కుంగిపోతే, బ్యాంకులో డబ్బుండగానే ‘సర్వం పోయింది, నాకు అన్నం పెట్టడం దండగ’ అంటాడు. అలాగని భ్రమలో ఏముందో చూసి జబ్బు పేరు తేల్చలేం. మనసుతో పొంతన లేని భ్రమలూ బైపోలార్‌లో వస్తాయి. అవి ఎప్పుడు మొదలయ్యాయి, మనసు కుదుటపడ్డాకా ఉన్నాయా అన్నదే అసలు ఆనవాలు. ఉన్మాదమూ కుంగుబాటూ లేని రోజుల్లో సైతం రెండు వారాలో అంతకు మించో కొనసాగితే వైద్యులు స్కిజోఎఫెక్టివ్ జబ్బును అనుమానిస్తారు.

ఇలా జబ్బు పేరు తప్పడం మన డాక్టర్ల చేతకానితనమేమీ కాదు. 1960లలో న్యూయార్క్ ఆస్పత్రులు లండన్ కంటే చాలా ఎక్కువమందికి స్కిజోఫ్రేనియా అని రాసేవి. ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్నలతో రెండు నగరాల రోగులనూ పరిశీలిస్తే ఆ తేడా చాలామటుకు మాయమైంది. తేడా రోగుల్లో కాదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది!

పేరు తప్పితే నష్టమేమిటి? గొంతులను అణిచే మందు రెండు జబ్బుల్లోనూ పనిచేస్తుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. తర్వాతి దశలను ఆపగల, ఆత్మహత్య ముప్పును తగ్గించగల లిథియం మాత్రం ఆ రోగి దాకా రాదు. ఉన్మాదానికి అది పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లోనే చెప్పాడు. చవకైన మందే, కానీ రక్తంలో మోతాదు చూస్తూ ఉండాలి. మన ఎండలకు ఒళ్లు నీరు కోల్పోయినా, కీళ్లనొప్పులకని ఐబుప్రోఫెన్ మింగినా అది విషస్థాయికి చేరొచ్చు. ఆ పరీక్ష దగ్గర్లో లేకపోతే లిథియం రాయడానికి ఏ డాక్టరైనా జంకుతాడు. మరోవైపు, బైపోలార్‌ను కేవలం కుంగుబాటనుకుని దాని మాత్రలొక్కటే ఇస్తే కొందరిలో ఉన్మాదం రగులుతుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం బైపోలార్ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతానికి చికిత్సే లేదు. మిగిలినవాళ్లకైనా కిక్కిరిసిన ఓపీలో దక్కేది కాసిని నిమిషాలు. అందుకే, క్యూలో ఉండగానే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి నర్సు ఒక కాగితం నింపించాలంటాను. నిద్ర ఏ తేదీ నుంచి తగ్గింది? మాట ఎప్పుడు వేగం పుంజుకుంది? అప్పులు చేశాడా? వంశంలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా? ఆడమనిషైతే కాన్పై ఎన్నాళ్లైంది? బైపోలార్ ఉన్న తల్లులకు బాలింతతనంలో ఉన్మాదం, భ్రమల ముప్పు మిగతావారి కంటే ఎన్నో రెట్లు. అవి తరచూ మొదటి రెండు వారాల్లోనే, అంటే ఇల్లంతా పురిటి సందడిలో ఉన్నప్పుడే బయటపడతాయి. పసిబిడ్డతో నిద్రెక్కడిదమ్మా అని అందరూ సర్దిచెప్పేదీ అప్పుడే.