తోటలో ఆరాధన

ఏటికొకసారి దేవాలయపు గోడలు విడిచి, పాఠశాల తోటలో విద్యార్థులును, తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును కలిసి ఆరాధన జరుపు వాడుక మనకు గలదు. ఈ వాడుక మంచిదే. దానిని నడపు రీతి మాత్రము మంచిది కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఏర్పాట్లు చేసినవారిలో మేమును ఉంటిమి గనుక తప్పులో మొదటి పాలు మాదే.

గడచిన మాఘమాసమున మేము చోటు చూడబోయినది ఒక సాయంకాలము. మామిడిచెట్టునకు తూర్పున చల్లని నీడ పఱచుకొని యుండెను. ఇంతకంటె మంచి తావు దొరకదని మురిసి, బల్లలన్నియు అచటనే వేయించితిమి. మఱునాటి యుదయము ఎనిమిది గంటలకు గంట మ్రోగునప్పటికి నీడ పడమటికి పోయి యుండెను! పిల్లలకు భూగోళము బోధించు మేము ప్రొద్దుటి నీడ ఏ దిక్కున పడునో మఱచితిమి. వృద్ధులను గౌరవముగా ముందు బల్లలపై కూర్చుండబెట్టితిమి గనుక ఎండయు ముందుగా వారికే తగిలెను. కొందఱు లేచి కొమ్మల క్రిందికి పోగా పూతనుండి రాలు తేనెమంచు వారి బట్టలకును, కీర్తనల పుస్తకములకును అంటుకొనెను. ప్రసంగము నలువది నిమిషములు సాగెను. చీమల బారులను చూచుచు గుసగుసలాడిన పసివారిని మేమే కసరి బయటికి పంపితిమి. ఆరుబయట జరుగు ఆరాధననుండి పిల్లలను బయటికి పంపుట యెట్టిదో ఇప్పుడు తలచుకొనిన మాకే నవ్వు వచ్చుచున్నది. పైకప్పు నొక్కదానిని విడిచి గుడిని గుడివలెనే తోటలోనికి మోసికొని వచ్చితిమి, అంతే జరిగినది.

నవ్వు రాని సంగతి మఱియొకటి కలదు. మా తరగతి బాలుని అవ్వ ఒకామె ఆ దినమునకు తరువాత మన కూడికలకు వచ్చుట మానెను. ఏల రావమ్మా యని అడుగగా, “అది చదువుకున్నోళ్ల ఆరాధన అయ్యవారూ, నాకక్కడ పనేముంది?” అనెను. ఆమె పుట్టినది మొదలు నాట్లు వేసి, కలుపు తీసి, విత్తనము దాచిన మనిషి. తోటలో జరిగిన ఆరాధనలో ఆమెకు పని లేకపోయినదన్నచో, లోపము ఆమె చదువులో లేదు, మా యేర్పాటులో నున్నది.

వేదగ్రంథమున తోటలు కొల్లలు. ఏదెనులో చల్లపూట దేవుడు సంచరించినది తోటలోనే; ప్రభువు పట్టుబడకమునుపు ప్రార్థించిన గెత్సేమనే తోటయే; ఆయనను సమాధి చేసిన తావునను తోట యుండెనని యోహాను వ్రాసెను. తిరిగి లేచిన ప్రభువును చూచి మగ్దలేనే మరియ తోటమాలి యనుకొనెను. 148వ కీర్తన చదివి చూడుడు. దేవుని స్తుతించుటకు పిలువబడినవారిలో ఫలవృక్షములును, పశువులును, పక్షులును, యౌవనులును, ముసలివారును, పిల్లలును అందఱు ఒక్క పిలుపులోనే యున్నారు. వారిని వయసునుబట్టి విడదీసినది మనమే.

అందఱికి తగునట్లు చేయుట యనగా ఆరాధనను పిల్లల యాటగా మార్చుట యని కొందఱు భయపడుదురు. మేము కోరునది అది కాదు. ప్రతివానికి ఒక నిజమైన పని యుండవలెననియే మా కోరిక. ఆవగింజ ఉపమానము తీసికొందము. లూకా సువార్తలో ఆ మనుష్యుడు గింజను వేసినది తన తోటలోనే. దానిని పుస్తకమునుండి చదివి, అర్థము చెప్పి ముగించుటకు బదులు, పసివారు తలకొక గింజ అందఱి అరచేతులలో పెట్టవలెను. పెద్ద తరగతివారు మడి త్రవ్వవలెను. విత్తుట యెట్లో ముసలివారు చూపవలెను. చూపు మందగించినవారికి ఆకులు వాసన చూడనిచ్చినను చాలును. తరువాత కొంతసేపు ఎవరును మాటలాడక పక్షుల కూతలు వినవలెను. ఉపాధ్యాయులకు అన్నిటికంటె కష్టమైనది ఇదియే! ప్రసంగమునకు పది నిమిషములు చాలును. నడచి తిరుగు ఆరాధన పెట్టినచో, నడువలేనివారు కూర్చున్న చోటునకే చదువరియు, పాటగాండ్రును రావలెను గాని వారిని వెనుక విడిచి పోరాదు.

ఆరుబయట భక్తి నిలువదని మా సహోపాధ్యాయు లొకరు వాదించిరి. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దొరగారును, కొద్దిమంది తోడివారును ఒంగోలు కొండ యెక్కి ప్రార్థించినప్పుడు అచట గోడలు లేవు, బల్లలు లేవు. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యనియే పిలుచుచున్నారు. ఆయన వాదములో కొంత నిజము లేకపోలేదు. గాలికి మాట చెదరును, దారిన పోవువారు ఆగి చూతురు. వానకాలమున గుడియే మేలు.

ఈ యేటి ఆరాధనకు చోటు నిర్ణయించుటకై ఉదయము ఎనిమిది గంటలకే పోయి, నీడ అంచున మేకులు పాతి వచ్చితిమి. చాపలతోపాటు వృద్ధులకు కుర్చీలును, మంచినీళ్ల కుండలును ఎనిమిదవ తరగతివారు తెచ్చెదరు. ఆ యవ్వ యింటికి మరల పోయి, పిల్లలకు విత్తుట నేర్పవలెనని అడిగితిమి. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. చాలసేపు ఊరకుండి, “పోపులపెట్టెలోవి తేకండి అయ్యవారూ, విత్తనానికి దాచినవి తెండి” అనెను.