లైను ఖర్చు కూడా పన్నే: ప్రతిపక్షం చెప్పేది సగం మాటే



కర్ణాటక విధానసభలో ప్రతిపక్ష నాయకుడు ఆర్. అశోక్, ఆయన బీజేపీ వాళ్లు కొంతకాలంగా రెండు మాటలు గట్టిగా చెబుతున్నారు. ఒకటి, కొత్త బోరుకు కరెంటు లైను ఖర్చంతా రైతు నెత్తిన వేసినారని. ముందు 25 వేలతో వచ్చే టీసీకి ఇప్పుడు రెండున్నర, మూడు లక్షలు అవుతోందని వాళ్ల లెక్క. రెండోది, డీజిల్ పన్ను పెంచి పల్లె మీద భారం మోపినారని. ఇట్లాంటి వీడియో గ్రూపులో పడితే చాలు, "కరెక్టుగా చెప్పినాడు" అని కొందరు, "వాళ్ల కాలంలో ఏం చేసినారు" అని కొందరు కొట్లాట. నా మాట ఏమంటే, ఆయన చెప్పేది నిజమే, కానీ సగమే. మిగతా సగం ఆయన నోట చెప్పించాల్సింది మనం.

ముందు నిజం ఎంతో చూద్దాం. 10 హెచ్‌పీ వరకు బోరు మోటారుకు కరెంటు 2008 నుంచి ఉచితం. కానీ 2023 సెప్టెంబరు తర్వాత అర్జీ పెట్టినవాళ్లు స్తంభాలు, వైరు, టీసీ ఖర్చు తామే పెట్టుకోవాలి. కరెంటు ఉచితం, అది వచ్చే దారికి మాత్రం లక్షలు. దీనికి పన్ను అని పేరు పెట్టలేదు, రసీదు మీద ఆ మాట ఉండదు. అయినా సర్కారు పెట్టాల్సిన పెట్టుబడి రైతు జేబులోనించి తీసుకుంటే అది పన్ను కాక ఏమి? పాత కనెక్షన్ ఉన్నవాడికి ఈ బాధ తెలీదు. అప్పు చేసి బోరు వేసి, నీళ్లు పడినాయని సంతోషపడే కొత్త రైతు మీదే ఇది పడుతుంది. తమిళనాడు వైపు మనవాళ్లకూ ఇది కొత్త కాదు. అక్కడ తత్కాల్ పథకంలో 5 హెచ్‌పీ కనెక్షన్‌కు 2.5 లక్షలు కట్టించుకున్నారు. పార్టీ ఏదైనా దారి ఒకటే.

మిగతా పంటలవాళ్ల కంటే మనకు ఇది ఎక్కువ ఎందుకు తగులుతుందంటే, మన పురుగు ఆగదు. నాలుగో జ్వరం దాటినాక ఆ ఏడెనిమిది రోజుల్లోనే మొత్తం ఆకులో 80 శాతం పైన తినేస్తుంది. అప్పటికి తోట తయారుగా ఉండాలంటే అంతకు ముందు వారాల్లోనే తడి సరిగా పడి ఉండాలి. టమాటా తోట రెండు రోజులు ఎండితే కాయ కొంచెం చిన్నదవుతుంది. మల్బరీ ఆకు వాడితే పురుగు ముట్టదు, చాకీ నుంచి పెట్టిన ఖర్చంతా చేతికి రాదు. మూడు ఫేజుల కరెంటు ఏడు గంటలని చెప్పి, అందులో సగం అర్ధరాత్రి ఇస్తే, డ్రిప్ వాల్వు తిప్పడానికి చీకట్లో తోటలోకి పోయేది మనం, మన ఇంటివాళ్లు. కాబట్టి మనకు కావలసింది ఉచితం ఒక్కటే కాదు. పగటిపూట, నమ్మకంగా వచ్చే కరెంటు.

ఇప్పుడు ఆయన చెప్పని సగం.

డీజిల్ సంగతి చూడండి. రాష్ట్ర సర్కారు 2024 జూన్‌లో డీజిల్ అమ్మకపు పన్ను 18.44 శాతం చేసింది, 2025 ఏప్రిల్ 1 నుంచి 21.17 శాతం చేసింది. దీనిమీద ప్రతిపక్షం రోడ్డెక్కింది, ఎక్కాల్సిందే. అదే ఏప్రిల్‌లో వారం తిరగకముందే ఢిల్లీ సర్కారు లీటరు డీజిల్ మీద ఎక్సైజ్ 2 రూపాయలు పెంచింది. బంకులో రేటు మారలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. కానీ ముడి చమురు రేటు దిగినప్పుడు మనకు తగ్గాల్సిన 2 రూపాయలు అట్లా పోయినాయి. జనరేటరుకు, టిల్లరుకు, గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు మోసే టెంపోకు పోసే డీజిల్‌లో రెండు పన్నులూ ఉన్నాయి. ఒకదానిమీదే అరిస్తే సగం న్యాయం. కాంగ్రెస్‌వాళ్లూ తక్కువ కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు 2021 సెప్టెంబరులో సిద్దరామయ్య, డీకే శివకుమార్ ఇంధనం రేట్లమీద సైకిళ్లెక్కి విధానసౌధకు పోయినారు. కుర్చీ మారింది, పన్ను పెరిగింది.

పెట్టుబడి సంగతీ అంతే. మన తెలుగువాళ్లు ఎక్కువున్న పావగడలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి ఇచ్చినవాళ్లకు ఎకరాకు ఏడాదికి 21 వేలు మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచి కౌలు ఇస్తున్నారు. వాన లేని చోట అది మంచిదే. కానీ ఆ కరెంటు పెద్ద గ్రిడ్‌కు పోతుంది, కౌలు భూమి ఉన్నవాడికే అందుతుంది. కుసుమ్-సి దారి వేరే. సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సోలార్ ప్లాంటు పెట్టి, అక్కడి బోర్లకే పగలు కరెంటు ఇస్తారు. 2025 జూన్‌లో గౌరిబిదనూరు తాలూకాలో అట్లాంటిది మొదలుపెట్టినారు. కేంద్రం మెగావాటుకు 1.05 కోట్ల దాకా సాయం ఇస్తుంది. రెండు సర్కార్లూ కలిస్తేనే అయ్యే పని ఇది. తప్పు పట్టడానికి మైకు సులభం, ఇట్లాంటి పని మన తాలూకాకు తేవడానికే ప్రతిపక్షం కూడా కావాలి.

కాబట్టి ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా, ఊరికి వస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి. లైను ఖర్చులో సర్కారు వాటా మళ్లీ ఎంత పెట్టిస్తారు? డీజిల్ మీద రాష్ట్రం పన్ను, కేంద్రం పన్ను రెండూ తగ్గించమని రాసి ఇస్తారా? మన సబ్‌స్టేషన్‌కు పగటి సోలార్ కరెంటు ఏ సంవత్సరంలో వస్తుంది? జవాబు మాటల్లో కాదు, తేదీతో చెప్పమనండి. చాకీ తెచ్చుకునే ముందు మనం ఆకు ఎంతుందో లెక్క చూసుకోమా? ఓటు వేసే ముందు కూడా అంతే.