ఒక్క రోజు మానితే ఏమవుతుంది?



జీవితంలో పైకి వచ్చినవారిని చూసి "అదృష్టవంతులు" అంటుంటాం. అదృష్టం కొంత ఉండవచ్చు. కానీ రోజూ విసుగు లేకుండా చేసుకుంటూ పోయే చిన్న పనుల వల్లే మనిషి నిలబడతాడని మా అభిప్రాయం. దీనికి రుజువు కోసం దూరం వెళ్ళనక్కరలేదు, మన పెడన చాలు.

మన కలంకారీ అద్దకాన్నే చూడండి. ముందు గుడ్డకున్న గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి నానబెడితేనే నలుపు తయారవుతుంది. ఎరుపు రావలసిన చోట చెక్క అచ్చుతో పటిక అద్దుతారు. ఆ పూట అక్కడ అసలు ఎరుపు కనిపించదు. పారే నీటిలో ఉతికి, రంగు దినుసులు వేసి ఉడికించాకే అది పైకి తేలుతుంది. మధ్యలో ఏ పని సరిగా చేయకపోయినా రంగు నిలవదు.

ఆరోగ్యమూ అంతే. బి.పి. మాత్ర వేసుకున్న రోజున మనకేమీ తెలియదు, మానేసిన రోజునా తెలియదు. అందుకే చాలామంది "ఒళ్ళు బాగానే ఉంది కదా" అని ఆపేస్తారు. అదుపు తప్పిన రక్తపోటు మాత్రం నొప్పి తెలియకుండానే గుండెను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది. పక్షవాతం వచ్చి మగ్గం మీది చెయ్యి పడిపోతే ఆ ఇంటి సంపాదన ఆగిపోతుంది, పిల్లల చదువూ ఆగవచ్చు. క్షయకు సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. అక్కడితో ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా మొండికేయవచ్చు.

"పట్టుదల లేని మనిషి" అని రోగిని నిందించడం సులువు. మేము దానికి ఒప్పుకోము. నేత ఒక్కరి పని కాదు. ఒకరు నేస్తుంటే మరొకరు కండెలు చుడతారు. మందు వాడకం కూడా ఇంటిల్లిపాదీ చూసుకోవలసిన పనే. "నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అని పిల్లలు అడిగినా అది పెద్ద సాయమే. డబ్బు ఇబ్బంది వల్ల మందు మానవలసి వస్తే, మానక ముందే డాక్టరుగారికి చెప్పండి.

గుంట మగ్గంలో రోజంతా కూర్చునేవారు వారానికి 5 రోజులు అరగంట చొప్పున వేగంగా నడవడం మంచిది. అంత కుదరకపోతే 10 నిమిషాలతో మొదలుపెట్టండి. ఉప్పు పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయలో, ఎండుచేపల్లో ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోదే. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఎండుచేప పెంచితే ప్రయోజనం లేదు.

ఎప్పుడైనా ఒక రోజు తప్పిపోతుంది. అంతమాత్రాన అంతా పాడైందని వదిలేయకండి. మర్నాడు రెండింతల మందు కూడా వేసుకోకండి. మామూలుగా మళ్ళీ మొదలుపెట్టండి.

ఈ పత్రిక చదవడం పూర్తికాగానే మీ మందుల సంచి తీసి, ఇంకా ఎన్ని రోజులకు సరిపోతాయో లెక్కపెట్టుకోండి. అయిపోయేదాకా ఆగకుండా ముందుగానే వచ్చి తీసుకువెళ్ళండి.