ఆ రిపోర్టును ప్రోగ్రెస్ కార్డులా చూడకండి



మొన్నొక సాయంత్రం తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "టీచర్ గారూ, జర్మనీ నుంచి నాకో ఈమెయిల్ వచ్చింది. అందులో వార్నింగ్ అని ఉంది. మావాడేం చేశాడండీ?" గొంతులో కంగారు.

ఆ అబ్బాయి చేసింది మంచి పనే. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గణాంకాలకూ గ్రాఫులకూ ప్రపంచమంతా వాడతారు. దానికి కొత్త పని నేర్పాలంటే ఎవరైనా ఒక ప్యాకేజీ రాసి జోడించుకోవచ్చు. మనవాడు అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే ప్యాకేజీ రాశాడు. 25 అని ఇస్తే 'ఇరవై ఐదు' అంటుంది. ఇంట్లో కంప్యూటర్‌లో చక్కగా పనిచేసింది. వేరే చోట పనిచేస్తుందా? అది తేల్చుకోవడానికి విన్‌బిల్డర్‌కి పంపాడు. డార్ట్‌మండ్ టెక్నికల్ యూనివర్సిటీకి చెందిన ఊవే లిగ్గెస్ నడిపే ఉచిత సేవ అది. మనం పంపిన ప్యాకేజీని అక్కడి విండోస్ కంప్యూటర్ తనంతట తానే బిల్డ్ చేసి, పరీక్షించి, ఫలితాన్ని ఈమెయిల్ చేస్తుంది. అబ్బాయి నాన్నగారి అడ్రస్ ఇచ్చాడు, అంతే.

"సార్, మీరు స్టీల్ ప్లాంట్‌లోనే కదా. ప్రతి హీట్ నుంచీ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లదా? ఇదీ అలాంటిదే" అన్నాను. ఆయన నవ్వేశారు.

మర్నాడు ఆ వార్నింగ్‌నే మా ఇంగ్లిష్ క్లాసులో చదివాం. కోడ్‌లో తెలుగు అక్షరాలు నేరుగా ఉన్నాయి, అవి అన్ని కంప్యూటర్లలో సరిగ్గా రాకపోవచ్చు, వాటి బదులు యూనికోడ్ నంబర్లు వాడమని దాని సారాంశం. ఉదాహరణకి 'ఒ' నంబరు 0సి12. తప్పేమిటో, దిద్దే దారేమిటో రెండూ అక్కడే ఉన్నాయి. అబ్బాయి రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ మార్చి మళ్లీ పంపాడు. ఈసారి వార్నింగ్ రాలేదు.

నా అభిప్రాయం ఒక్కటే. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, అక్కడితో సరి. ఇక్కడ తప్పు వస్తే దిద్ది మళ్లీ పంపవచ్చు, ఎన్నిసార్లయినా. పిల్లలకి ఈ అలవాటు మనం ఎక్కువగా ఇవ్వడం లేదు. మీరూ నేనూ "ఎన్ని వచ్చాయి?" అనే అడుగుతున్నాం.

బయట కోడింగ్ కోర్సుకి వేలు కట్టే ముందు ఇది ప్రయత్నించండి. ఆర్, విండోస్‌లో ప్యాకేజీలు కట్టడానికి కావలసిన ఆర్‌టూల్స్, రెండూ ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పరీక్షించే గిట్‌హబ్ యాక్షన్స్ కూడా అందరికీ కనిపించేలా పెట్టిన కోడ్‌కి ఉచితమే. ఖాతాకి 13 ఏళ్లు నిండాలి. అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ పెట్టకుండా మీరు పక్కనుండి చూడండి.

మీ ఈమెయిల్‌కీ అలాంటి వార్నింగ్ వస్తే కంగారుపడకండి, కోప్పడకండి. "ఏమని రాశారో చదివి చెప్పు నాన్నా" అనండి చాలు.

మీ ఇంగ్లిష్ టీచర్