మొదటి చీటీ భర్త పేరున రాయండి

గడ్చిరోలి జిల్లా అహేరిలోనైనా సిరోంచలోనైనా పెళ్లయి రెండు మూడేళ్లకు కడుపు పండకపోతే కోడలిని తిప్పడం మొదలవుతుంది. ముందు మొక్కులు, ఊరి వైద్యుడి వేర్లు. తర్వాత నది దాటి కరీంనగర్, వరంగల్ దవాఖానలు. సిరోంచ వాళ్లకు సొంత జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లు మరి. ఇంత తిరుగుడులో కొడుకును అడిగే మనిషి ఉండడు.

లోపం నీదేనని కోడలి మీద వేసే నింద అండాల లెక్క ముందు నిలుస్తుందా? ఆ అండాలు ఆమె అత్తారింటికి వచ్చాక తయారైనవి కావు. తల్లి కడుపులో ఆమె ఐదో నెల పిండంగా ఉన్నప్పుడే అండాశయాల్లో అరవై, డెబ్బై లక్షల అండకణాలుంటాయి. ఆపైన తరుగుడే. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. మిగిలినవైనా సగం పనిలో ఆగినవే. క్రోమోజోములను సగం చేసుకునే విభజనను ఆమె పుట్టకముందే మొదలుపెట్టి, నడుమ నిలిపి, పదిహేనేళ్లో నలభయ్యేళ్లో అలాగే కాచుకుని ఉంటాయి. ఒంట్లో ఇంత ఓపికున్న కణాలు అరుదు.

ప్రతి నెలా కొన్ని అండాల సంచులు ఎదగడం మొదలుపెడితే సాధారణంగా ఒక్కటే గట్టెక్కుతుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పొంగగానే, ఆ సంచిలోని అండం ఏళ్లనాడు ఆపిన విభజనను అందుకుంటుంది. సగం క్రోమోజోములను ఓ చిన్న కణంలోకి తోసేసి, లోపలి సరుకంతా దాదాపు తనకే ఉంచుకుంటుంది. ఒకటిన్నర రోజులో బయటికొస్తుంది. అప్పటికే రెండో విభజనలోకి దిగి మళ్లీ ఆగి ఉంటుంది. వీర్యకణం లోపలికి వస్తేనే అది పూర్తవుతుంది. రాకుంటే ఒక్క రోజులో దాని కథ ముగిసినట్టే. జీవితకాలంలో ఇలా బయటపడేవి ఓ నాలుగు వందలు. తక్కినవి లోపలే కరిగిపోతాయి. మాత్రలు వేసుకున్నా, కాన్పులైనా ఆ తరుగు ఆగదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో అండాలే పోతాయని నమ్మేవాళ్లున్నారు గానీ, అక్కడ మూసేది దారిని మాత్రమే.

ముప్ఫై అయిదు దాటాక క్రోమోజోములు సరిగా విడిపోని అండాలు పెరుగుతాయి, నిజమే. కానీ మన దగ్గర నింద పడేది ఇరవై రెండేళ్ల పిల్ల మీద.

ఆ పిల్ల ఒంట్లో ఏముందో చూసినవాళ్లు ఎందరు? ఈ జిల్లాలోనే డాక్టర్లు రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితం రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష జరిగింది 8 శాతానికే. ఇన్ఫెక్షన్ వల్ల అండం నడిచే గొట్టాలు మూసుకుపోతే ఎంత మంచి అండమైనా గర్భసంచికి చేరదు. ఆ ఇన్ఫెక్షన్లలో కొన్నింటిని తెచ్చేది భర్తే.

మగవాడి వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూనే ఉంటాయి; ఒక్కోటి తయారయ్యేందుకు దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. వాటి పరీక్షకు ఓ శుభ్రమైన డబ్బా, మైక్రోస్కోపు, పని తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ చాలు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల లోపం కూడా ఉంటుంది. అందుకే అహేరి ఉపజిల్లా ఆసుపత్రిలోనైనా, సిరోంచ గ్రామీణ ఆసుపత్రిలోనైనా జంట వస్తే మొదటి చీటీ భర్త పేరున రాయాలి. ఆ ఫలితం లేనిదే ఆమెను నది దాటించొద్దని అత్తమామలకు డాక్టరే చెప్పాలి. వాళ్లు ఆశా కార్యకర్త మాట వినకపోయినా డాక్టరు మాట వింటారు.