కావలి మొరిగిన కారణమేమి?

ఇంటి ముంగిట కావలికుక్క యెట్టిదో, కంప్యూటరునకు ‘వాచ్‌డాగ్ టైమరు’ అట్టిది. అది గడువును లెక్కించు చిన్న గడియారము. యంత్రము మేలుకొన్నది మొదలు, తాను సరిగా నడచుచున్నట్లు దానికి మాటిమాటికి కబురందించుచుండవలెను. అందినప్పుడెల్ల లెక్క మరల మొదలగును. గడువు ముగిసినను కబురు రానిచో, ప్రోగ్రాము ఎచ్చటనో చిక్కుకొన్నదని యెంచి, అది యంత్రమును తిరిగి ప్రారంభింపజేయును. ప్రారంభమే పదేపదే విఫలమైనచో, భద్రముగా దాచిన మరియొక ప్రోగ్రాముతో లేవనెత్తు ఏర్పాటు కొన్ని యంత్రములలో కలదు.

1997 జూలై 4న కుజగ్రహముపై దిగిన అమెరికావారి పాత్‌ఫైండరు నౌకలోని కంప్యూటరు, కొలది దినములకే పలుమారులు పునఃప్రారంభము కాజొచ్చెను. ముఖ్యమైన పని యొకటి గడువులో ముగియలేదని కనిపెట్టి, కావలి ఏర్పాటే అట్లు చేసినది. నౌక దక్కినది. అయినను ఇంజనీర్లు అంతటితో తృప్తి చెందలేదు. భూమిపైనున్న నకలు యంత్రముతో శోధించిరి. అల్పమైన పని పట్టుకొనిన తాళము కొరకు ముఖ్యమైన పని కాచుకొనవలసి వచ్చుచున్నదని గ్రహించి, సవరణను ఇచ్చటినుండియే పంపిరి.

మా అభిప్రాయమిది: తిరిగి ప్రారంభించుట ఉపశమనమే గాని చికిత్స కాదు. పరీక్ష తప్పిన బిడ్డను ‘మరల చదువుము’ అనుట చాలదు. ఎచ్చట చిక్కుకొంటివని అడుగవలెను. ఆ చిక్కును బిడ్డ తల్లిభాషలో విప్పి చెప్పుకొనగలుగుటకే మనము ఈ బడిని నిలుపుకొనుచున్నాము.