మూడవ రంధ్రం

మా తాతగారు కట్టించిన పెంకుటింటికి 1962లో కరెంటు వచ్చింది. టేకు పట్టీల మీద రేకు క్లిప్పులతో బిగించిన రబ్బరు తొడుగు తీగలు, నల్లని గుండ్రటి స్విచ్చులు, మీటరు ప్రక్కన తెల్లని పింగాణి ఫ్యూజులు. వాటిని చూచి ముచ్చటపడని బంధువు లేడు. "ఆనాటి సరుకండీ, ఇప్పుడెక్కడ దొరుకుతుంది!" అంటారు. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను.

గడచిన వర్షాకాలంలో మా మనుమరాలు తడి చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకొని "తాతయ్యా, చీమ కుట్టింది" అన్నది. చీమ లేదు. మరునాడు పనివాణ్ణి పిలిపించి సాకెట్టు విప్పించాను. దానికి మూడు రంధ్రాలున్నవి, వెనుక తీగలు మాత్రం రెండే. ఇంటికి తొలుత వేసినవి రెండు తీగలే, ఆనాడు దీపాలు, ఫ్యానులే కదా. నడుమ ఎవరో ఫ్రిజ్ ప్లగ్గు పట్టడం కోసం మూడు రంధ్రాల సాకెట్టు తగిలించి, పై రంధ్రాన్ని అలాగే వదలివేశారు. ఇంతకంటె నిశ్శబ్దమైన అసత్యాన్ని నేను చూడలేదు.

ప్లగ్గులోని మూడు కాళ్ళలో ఎర్తు కాలు పొడవు, లావు. పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా వీడాలి. లోపల తీగ తొడుగు చెడి ఫ్రిజ్ ఒంటికి కరెంటు ప్రాకితే, దానిని భూమిలోకి దింపే త్రోవ అదే. త్రోవ లేకుంటే మన శరీరమే త్రోవ అవుతుంది. కాలు పట్టడం లేదని దానిని విరిచివేసేవారినీ ఎరుగుదును.

న్యూట్రల్ అనే మాటకు మనం 'తటస్థం' అని వ్రాసుకొంటాము. తటస్థుడంటే ఒడ్డున నిలిచినవాడు, ఎవరి జోలికీ పోనివాడు. ఈ తీగ విషయంలో ఆ అర్థం నమ్మరాదు. మా వసారాలో స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పెట్టినట్లు అప్పుడే బయటపడింది. స్విచ్చి ఆపితే దీపం ఆరుతుంది, హోల్డరులో మాత్రం 230 వోల్టులూ ఉంటాయి. ఇన్నేళ్ళూ స్టూలెక్కి అక్కడ బల్బు మార్చినవాడను నేనే.

ఇక ఫ్యూజులు తీసి ఎంసీబీలు పెట్టించుకొని నిశ్చింతగా నిద్రించేవారితోనే నాకు అసలు పేచీ. ఈ రెండూ తీగను కాపాడేవే. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడి నుండి ఇంటిని కాపాడడం వాటి పని. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో ఎన్నో వంతు చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజు దానిని గుర్తించదు. గుర్తించేది 30 మిల్లీ ఆంపియర్లకు తెగే ఆర్‌సీసీబీ. అది జమాఖర్చు చూచే గుమాస్తా వంటిది: ఫేజులో పోయినంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి, తేడా వస్తే క్షణంలో కొట్టు మూసివేస్తుంది. ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ ఒకేసారి పట్టుకొన్నవాణ్ణి అదీ కాపాడలేదు, లెక్క సరిపోతుంది కనుక.

మాకూ ఒకటి పెట్టించాను. వాన పడిన రోజు మూడుమార్లు ఆగింది. పనివాడు వచ్చి, "మాస్టారూ, ఆ డబ్బా తీసేస్తే ఏ గొడవా ఉండదండీ" అన్నాడు. పాత తీగల రబ్బరు ఎండి పగుళ్ళు వారింది, చెమ్మ తగిలినప్పుడల్లా కారుతున్నది. డబ్బా చెప్పినది నిజమే. నిజం చెప్పినవాణ్ణి కొలువు నుండి తీసివేయడం మనకు క్రొత్త కాదు. అతనిని నిందించను. ఈ పనికి ఐఎస్ 732 అని, ఎర్తుకు ఐఎస్ 3043 అని ప్రమాణాలున్నవి. మా ఊరి పనివాళ్ళ చేతిలో వాటిని నేనెన్నడూ చూడలేదు. బల్బు, ఫ్యూజు మార్చడం వంటి చిల్లర పనులు తప్ప తక్కినవి లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే చేయించాలని 1956 నాటి నియమావళి నుండీ ఉన్నది. ఆ నియమం స్థానంలో 2010లోను, మరల 2023లోను క్రొత్త నిబంధనలు వచ్చాయి. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నేను విద్యుత్ శబ్దానికి వ్యుత్పత్తి చెప్పాను గాని, సర్వీసు తీగకు ఆధారంగా కట్టిన ఇనుప తీగ మీద తడిబట్టలు ఆరవేయరాదని ఒక్క పిల్లకైనా చెప్పలేదు. వానకాలంలో దండెం తగిలి పోయినవారి వార్త పత్రికలో కనబడినప్పుడల్లా ఆ పేజీ తిప్పడానికి చేయి రాదు.

తీగలన్నీ మార్పిస్తున్నాను, మూడేసి. పింగాణి ఫ్యూజులను మా తమ్ముడు అడిగాడు, అలమారులో పెట్టుకొంటాడట. సోమవారం పెరటిలో ఎర్తుకు గొయ్యి తీస్తారు. బొగ్గు, ఉప్పు తెప్పించాను. వేసవిలో దానికి నీళ్ళు పోయాలని చెప్పగా మా ఇంటావిడ, "తులసికోటకు దగ్గరగా త్రవ్వించండి, రెంటికీ ఒకేసారి పోస్తాను" అన్నది.